రాత్రి లెన్సుల కంటే ముందు ఆ దురద సంగతి చూడండి

ప్రశ్న: మా పాపకు పదేళ్లు, ఐదో తరగతి. ఏడేళ్లప్పుడు మైనస్ 1 పవర్‌తో అద్దాలు వచ్చాయి. ఇప్పుడు రెండు కళ్లకూ మైనస్ 3.25. వాళ్ల నాన్నకు మైనస్ 7. హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచు కొడుక్కి రాత్రి పెట్టుకుని పొద్దున తీసేసే లెన్సులు ఇప్పించారు. పగలంతా అద్దాలు లేకుండానే తిరుగుతున్నాడు, పవర్ కూడా పెరగడం లేదట. మా పాపకూ ఇప్పించమని ఆమె రోజూ ఫోన్ చేస్తోంది. మా అత్తమ్మకైతే "ఆడపిల్లకు సోడాబుడ్డి అద్దాలేంది" అని ఒకటే బాధ. నిద్రలో కంట్లో లెన్సు ఉంటే ఏమవుతుందోనని నాకు భయం. నేను పరకాల వైపు ఒక బడిలో టీచర్‌ను, పొద్దున ఏడింటికే బస్సెక్కాలి. పాపను అత్తమ్మే తయారుచేసి బడికి పంపుతుంది. పాపకు వేరే సమస్యలేమీ లేవు. ఎండాకాలంలో మాత్రం కళ్లు దురద పెట్టి నలుపుకుంటుంది, మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే తగ్గిపోతుంది. ఈ లెన్సులు మంచివేనా? ఇప్పించమంటారా?
— ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: లెన్సులు మంచివే. మీ పాపకు మాత్రం ఇప్పుడే వద్దంటాను. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. "వేరే సమస్యలేమీ లేవు" అని రాసి, ఆ వెంటనే ఎండాకాలం దురద, నలుపుకోవడం, మెడికల్ షాపు చుక్కలు అంటూ రెండు ముక్కల్లో తేల్చేశారు. ఉత్తరం మొత్తంలో నన్ను టెన్షన్ పెట్టింది ఆ రెండు ముక్కలే. వాటి దగ్గరికి వస్తాను. ముందు ఆ లెన్సు ఏం చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే మీ ఆడపడుచు మాటల్లో నిజమూ ఉంది, పొరపాటూ ఉంది.

ఈ పద్ధతి పేరు ఆర్థోకెరటాలజీ. వాడుకలో ఆర్థో-కె అంటారు. కాలేజీ పిల్లలు పెట్టుకునే మెత్తటి కాంటాక్ట్ లెన్సు కాదిది. గట్టిగా ఉంటుంది, అయితే ఆక్సిజన్‌ను కంటికి చేరనిచ్చే పదార్థంతో చేస్తారు. నల్లగుడ్డు ముందు ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. ఈ లెన్సు మధ్య భాగాన్ని కార్నియా వంపు కంటే కావాలనే చదునుగా తయారుచేస్తారు. రాత్రంతా మూసిన రెప్ప కింద ఉన్నప్పుడు, లెన్సుకూ కంటికీ మధ్యనున్న కన్నీటి పొర కలిగించే ఒత్తిడికి కార్నియా పైపొర మధ్యలో కొద్దిగా పలచబడి, చుట్టూ కొద్దిగా మందమవుతుంది. ఆ మార్పు మైక్రాన్లలోనే ఉంటుంది, తల వెంట్రుక మందం కంటే తక్కువ. చూపు తేటపడడానికి అంత చాలు. మొదటి రాత్రికే తేడా తెలుస్తుంది, పూర్తిగా కుదురుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. గట్టి లెన్సుతో కార్నియా వంపు మార్చవచ్చన్న ఆలోచన 1962లోనే అమెరికాలో జార్జ్ జెస్సెన్ అనే ఆప్టోమెట్రిస్ట్ బయటపెట్టారు. రాత్రిపూట పెట్టుకుని పడుకునే రకానికి అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది 2002లో.

ఇక పొరపాటు సంగతి. లెన్సు మానేస్తే కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లోపు కార్నియా పాత వంపుకు వచ్చేస్తుంది, పవరూ తిరిగి వస్తుంది. కాబట్టి పవర్ "పోయింది" అనడం సరికాదు. పగలు బోర్డు మీది అక్షరాలు చదివించి "పెరగడం లేదు" అనడమూ సరికాదు. అసలు చూడాల్సింది కంటి పొడవు.

మైనస్ పవర్ ఉన్న పిల్లల్లో చాలామందికి కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సినదానికంటే పొడవు పెరుగుతుంది. దాంతో వెలుతురు కంటి వెనకనున్న రెటీనా అనే తెర మీద పడకుండా దానికి ముందే కలిసిపోయి, దూరంగా ఉన్నవి మసకబారతాయి. పెద్దవాళ్ల కన్ను సగటున 24 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే సుమారు రెండున్నర నుంచి మూడు పాయింట్ల మైనస్ పవర్ వస్తుంది. అద్దాలు చూపును సరిచేస్తాయి గానీ సాగిన కంటిని కురచ చేయలేవు. పద్దెనిమిది దాటాక చేసే లేజర్ ఆపరేషనూ అంతే, కార్నియాను చెక్కుతుంది తప్ప వెనక రెటీనా సాగిన సంగతిని మార్చదు. "పెద్దయ్యాక లేజర్ చేయిద్దాం, అప్పటిదాకా పెరిగితే పెరగనీ" అనే పెద్దమనుషులు ప్రతి చుట్టాల ఇంట్లో ఒకరుంటారు. ఆ మాట వినకండి. పవర్ మైనస్ 6 దాటిన కళ్లలో రెటీనా ఊడిరావడం, చూపు నరం దెబ్బతినే గ్లాకోమా, చూపు మధ్యభాగం దెబ్బతినడం వంటి ముప్పులు బాగా పెరుగుతాయి.

అందుకే ఈ కథలో మీవారికీ పాత్ర ఉంది. ఆయనకు మైనస్ 7 అన్నారు. కంటి పాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చివరిదాకా చూసే పరీక్ష ఆయన చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు? గుర్తులేదంటే చేయించాల్సిన సమయం వచ్చినట్టే. కళ్ల ముందు ఉన్నట్టుండి నల్లచుక్కలు ఎక్కువైనా, మెరుపులు కనిపించినా, ఒక పక్క తెర పడ్డట్టున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆర్థో-కె కంటి పొడవు పెరగడాన్ని నిజంగా నెమ్మదింపజేస్తుంది. ఊరికే చెప్పే మాట కాదిది. హాంకాంగ్‌లో ఆరు నుంచి పదేళ్ల పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, రెండేళ్లలో మామూలు అద్దాల పిల్లల కన్ను 0.63 మిల్లీమీటర్లు పెరిగితే, ఈ లెన్సుల పిల్లల కన్ను 0.36 పెరిగింది. అంటే 43 శాతం తక్కువ. ఆగిపోలేదు, నెమ్మదించింది. మీ ఆడపడుచును ఒకే ఒక్క ప్రశ్న అడగండి: బాబు కంటి పొడవు లెన్సు పెట్టకముందు ఎంత, ఇప్పుడెంత? మిల్లీమీటర్లలో రెండు అంకెలు చెప్పగలిగితే అక్కడ పని పద్ధతిగా జరుగుతోందని అర్థం. చెప్పలేకపోతే ఆమె తన కొడుకు విషయంలోనే ఒకసారి కనుక్కోవడం మంచిది.

మీ పాప లెక్కకు వద్దాం. మూడేళ్లలో మైనస్ 1 నుంచి 3.25 అంటే ఏడాదికి ముప్పావు పాయింటు. నాన్నకు ఎక్కువ పవర్ ఉంది, పిల్లకు చిన్న వయసులోనే మొదలైంది. ఈ లెక్కన వదిలేస్తే పదో తరగతికి వచ్చేసరికి మైనస్ 6 దాటినా ఆశ్చర్యం లేదు. కాబట్టి నేను లెన్సు వద్దన్నానని ఊరుకోవద్దు. ఏదో ఒకటి ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

ఇప్పుడు దురద. మన వైపు ఎండ, దుమ్ము ఎక్కువ. పొడి గాలి మొదలయ్యేసరికి పిల్లల్లో అలర్జీతో కళ్లు దురదపెట్టడం మామూలే. దాంట్లో కాస్త తీవ్రమైన రకాన్ని వర్నల్ అంటారు. తెల్లగుడ్డు మట్టిరంగుకు తిరుగుతుంది, తీగలా సాగే పుసి వస్తుంది, వెలుతురు చూడలేరు, చేయి కంట్లోంచి తీయరు. పై రెప్ప తిప్పి చూస్తే లోపల గరుకుగా బుడిపెలు ఉంటాయి. అలాంటి రెప్ప కింద గట్టి లెన్సు పెట్టడం ఎంత చెడ్డ ఆలోచనో వేరే చెప్పక్కర్లేదు. అంతకంటే పెద్ద సంగతి, ఏళ్ల తరబడి కళ్లు గట్టిగా నలిపే పిల్లల్లో కొందరికి కార్నియా పలచబడి శంఖంలా ముందుకు వస్తుంది. దాన్ని కెరటోకోనస్ అంటారు. మొదట్లో అదీ "సైటు పెరిగింది" అన్నట్టే కనిపిస్తుంది, ముఖ్యంగా సిలిండర్ పవర్ పెరుగుతుంది. కార్నియా వంపును పటంలా గీసి చూపే టోపోగ్రఫీ అనే పరీక్షలోనే బయటపడుతుంది. దాన్ని కనిపెట్టకుండా ఆర్థో-కె లెన్సు వేస్తే పాడవుతున్న కార్నియా మీద మనమే బరువు పెట్టినవాళ్లమవుతాం. కెరటోకోనస్ మన దేశంలో అంత అరుదు కూడా కాదు. మీ పాపకు అది ఉందని నేననడం లేదు. లేదని తేల్చుకోకుండా ముందుకు వెళ్లవద్దంటున్నాను.

మెడికల్ షాపు చుక్కల సీసా ఇంట్లో ఉంటే తీసి చూడండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ లాంటి పేరేదైనా ఉందా? ఉంటే అవి స్టెరాయిడ్ చుక్కలు. దురద మంత్రం వేసినట్టు తగ్గుతుంది, అందుకే తల్లులు మళ్లీ మళ్లీ అవే తెచ్చుకుంటారు, షాపువాళ్లూ అవే ఇస్తారు. డాక్టరు చూపు లేకుండా నెలల తరబడి వేస్తే కంటిలో ప్రెషర్ పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. నొప్పి ఉండదు, పిల్ల చెప్పదు. కాబట్టి పాపకు కంటి ప్రెషర్ కూడా కొలిపించండి. దురదకు స్టెరాయిడ్ కాని మంచి చుక్కలు ఉన్నాయి, సీజన్ మొదలవకముందు నుంచే వేసుకోవాలి. చల్లటి తడిగుడ్డ కళ్ల మీద వేయడం, ఎండలో టోపీ పెట్టడం కూడా పనికొస్తాయి.

అలర్జీ అదుపులోకి వచ్చి, టోపోగ్రఫీ మామూలుగా ఉందనుకుందాం. అప్పుడైనా మీ ఇంట్లో ఇంకో చిక్కుంది. అది పొద్దుటి ఆరూ ఏడూ మధ్య సమయం. చాలామంది రాత్రి పెట్టుకోవడమే కష్టమనుకుంటారు. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావాల్సింది పొద్దున. నిద్రలేచేసరికి లెన్సు కార్నియాకు అంటుకుని ఉండవచ్చు. ముందు చుక్కలు వేసి, కొన్ని నిమిషాలు ఆగి, రెప్పలార్పుతున్నప్పుడు లెన్సు కదులుతోందని చూసి అప్పుడు తీయాలి. అంటుకున్నదాన్ని లాగితే కార్నియా గీసుకుంటుంది. తీశాక సొల్యూషన్‌తో రుద్ది, కడిగి, డబ్బాలో కొత్త సొల్యూషన్ పోసి పెట్టాలి. బడి బస్సు హారన్ కొడుతుండగా ఇదంతా చేసేది అత్తమ్మ. ఆమె ప్రేమ మీద నాకు సందేహం లేదు. కానీ లెన్సు కడిగే మందు, కంట్లో వేసే మందు తేడా చదివి తెలుసుకోవాలి, చిన్న లెన్సు కనబడాలి, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, రోజూ, ఏళ్ల తరబడి. పదేళ్ల పిల్లలు కొందరు పెద్దవాళ్ల కంటే బాగా నేర్చుకుంటారు, అయినా పక్కన చూసే మనిషి కావాలి. మీవారు ఆ సమయానికి ఇంట్లో ఉంటే ఆ పని ఆయనకు అప్పగించవచ్చు. ఈ విషయం తేలకుండా డబ్బు కట్టకండి.

మీ భయం అర్థం లేనిది కాదు. అసలు ప్రమాదం ఇన్ఫెక్షన్. అమెరికాలో చేసి 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, పదివేల మంది పిల్లలు ఏడాది పాటు ఈ లెన్సులు వాడితే సుమారు 14 మందికి కార్నియా ఇన్ఫెక్షన్ వస్తుంది. తక్కువే. అయితే వచ్చిన పిల్లకు కార్నియా మీద మచ్చ మిగిలిపోవచ్చు, చూపు తగ్గవచ్చు. 2000 ప్రాంతంలో చైనా, తైవాన్‌లలో ఇలాంటి కేసులు గుట్టగా బయటపడ్డాయి. ఆ రోజుల్లో నమోదైన కేసుల్లో దాదాపు మూడో వంతుకు కారణం అకాంతమీబా అనే నీటి క్రిమి. లెన్సునో డబ్బానో నల్లా నీళ్లతో కడిగిన ఇళ్లలో ఎక్కువగా వచ్చింది. మిషన్ భగీరథ నీళ్లయినా, బోరు నీళ్లయినా, ఫిల్టర్ నీళ్లయినా, కాచి చల్లార్చినవైనా ఒకటే. లెన్సుకు నీటిచుక్క తగలకూడదు. కింద పడిందని ఉమ్మి రాసి పెట్టేవాళ్లూ ఉన్నారు, నమ్మండి.

ఇంకా కొన్ని. జ్వరం, జలుబు, కళ్లకలక ఉన్న రాత్రి లెన్సు మానేయాలి. మేడారం జాతరకు వెళ్లి గుడారంలో పడుకునే రాత్రులు అసలు తీసుకెళ్లనే వద్దు. ఆ దుమ్ములో, జంపన్నవాగులో మునిగిన చేతులతో లెన్సు జోలికి పోకూడదు. ఆ రోజుల కోసం పాత పవర్ అద్దాలు దగ్గర ఉంచుకోవాలి. కంటిలో నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక, వీటిలో ఏది వచ్చినా లెన్సు తీసేసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లెన్సునూ డబ్బానూ పారేయకుండా వెంట తీసుకెళ్తే ల్యాబ్‌లో క్రిమిని పట్టుకోవడం సులువవుతుంది. వరంగల్ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి మీకు దగ్గరే. హైదరాబాద్‌లో మెహదీపట్నంలోని సరోజినీ దేవి, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. తెల్లారి చూద్దాంలే అనుకునే జబ్బు కాదది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జత ధరే పదుల వేలల్లో ఉంటుంది, ఒకటి రెండేళ్లకోసారి మార్చాలి, సొల్యూషన్ నెలనెలా కొనాలి. మొదటి రాత్రి తర్వాత పొద్దున్నే ఒకసారి, వారానికి, నెలకు, మూడు నెలలకు, ఆ తర్వాత క్రమం తప్పకుండా చూపించాలి. హైదరాబాద్‌లో వేయిస్తే మొదటి నెలంతా కాజీపేట స్టేషన్‌కూ సికింద్రాబాద్‌కూ తిరగడమే అవుతుంది. ఇక్కడే వేస్తామని ఎవరైనా అంటే టోపోగ్రఫీ యంత్రం ఉందా, కంటి పొడవు కొలుస్తారా, ఆదివారం కన్ను ఎర్రబడితే ఎవరికి ఫోన్ చేయాలి అని అడగండి. మూడో ప్రశ్నకు తడబడితే లేచి వచ్చేయండి. ఇంకొకటి, చిన్న వయసులో మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే కన్ను మళ్లీ వేగంగా పెరగవచ్చు. కొన్నేళ్లు నడపగలమనుకుంటేనే దిగాలి.

మరి ఇప్పుడేం చేయాలి? మీ పాపకు నేనైతే ప్రత్యేక అద్దాలతో మొదలుపెడతాను. చూడడానికి మామూలు కళ్లద్దాల్లాగే ఉంటాయి గానీ, మధ్యలో తేటగా వదిలి చుట్టూ కంటికి కనిపించనంత చిన్న లెన్సులు వందల్లో పొదిగి ఉంటాయి. హోయా వాళ్ల మియోస్మార్ట్, ఎస్సిలార్ వాళ్ల స్టెల్లెస్ట్ మన దేశంలో దొరుకుతున్నాయి. మొదటి రకం మీద హాంకాంగ్‌లో రెండేళ్లు చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో పవర్ పెరుగుదల 52 శాతం, కంటి పొడవు పెరుగుదల 62 శాతం తగ్గింది. ఆర్థో-కెకు ఏ మాత్రం తీసిపోదు, ఇన్ఫెక్షన్ భయం లేదు, అత్తమ్మ పొద్దున చేయాల్సిన పనల్లా ముక్కు మీద పెట్టి పంపడమే. మామూలు అద్దాల కంటే ఖరీదు ఎక్కువ. రోజంతా పెట్టుకుంటేనే పనిచేస్తాయి, క్లాసులో మాత్రమే పెట్టుకుంటే డబ్బు దండగ.

దాంతో పాటు పవర్ పెరగడాన్ని నెమ్మదింపజేయడానికి రాత్రిపూట తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు వేయాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. 0.01 శాతం మందు మన దేశపు పిల్లల మీద చేసిన పరిశోధనలో పవర్ పెరుగుదలను తగ్గించింది, అమెరికాలో 2023లో వచ్చిన పరిశోధనలో మాత్రం మందు లేని ఉత్త చుక్కలతో పోలిస్తే తేడా కనిపించలేదు. హాంకాంగ్‌లో 0.05 శాతం బాగా పనిచేసింది. కొందరికి ఎండలో కళ్లు చెదరడం, దగ్గరి అక్షరాలు మసకబారడం ఉంటాయి. షాపులో దొరికే 1 శాతం అట్రోపిన్ వేరు. అది కొని రోజూ వేయకండి.

ఎవరైనా "పవర్ కాస్త తగ్గించి రాయించండి, కన్ను అలవాటు పడుతుంది" అంటే ఒప్పుకోవద్దు. అలా తక్కువ పవర్ ఇస్తే పెరుగుదల తగ్గదు. మలేషియాలో 2002లో వచ్చిన పరిశోధనలో అలాంటి పిల్లలకే ఎక్కువ పెరిగింది. అద్దాలు పెట్టుకోవడం వల్లే సైటు పెరుగుతుందన్నది కూడా అపోహే.

బయట ఆడుకోవడం గురించి మీరు అడగలేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి వేళల్లో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించిన పిల్లల్లో మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవాళ్లు 30 శాతం, మిగతావాళ్లలో 39 శాతానికి పైగా. 2015 నాటి ఫలితం ఇది. సైటు రాకుండా చూడడంలో దీని మేలు ఎక్కువ, వచ్చాక కొంచెం తక్కువ. అయినా రోజుకు రెండు గంటలు వెలుతురులో ఉండనివ్వండి. పబ్లిక్ గార్డెన్ కావచ్చు, మీ డాబా కావచ్చు. మబ్బు పట్టిన రోజు వెలుతురు కూడా ఇంట్లో ట్యూబ్‌లైటు కంటే చాలా ఎక్కువ. మే నెలలో పొద్దున్నే, సాయంత్రం ఐదు తర్వాత. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని సాయంత్రాలన్నీ గదిలో కూర్చోబెట్టే బడులు మన ఊళ్లో తక్కువేం కాదు. వచ్చే ఏడాది చేర్పించేముందు ఈ రెండు గంటలు ఎక్కడ మిగులుతాయో టైంటేబుల్ చూసి అడగండి.

అత్తమ్మకు చెప్పండి, మైనస్ 3.25కు సోడాబుడ్డి అద్దాలు రావు. హై ఇండెక్స్ లెన్సు, చిన్న ఫ్రేము తీసుకుంటే అంచు పలచగానే ఉంటుంది. ఆమె దిగులు వెనక పిల్ల పెళ్లి గురించిన లెక్కలుంటే దానికి నా దగ్గర చుక్కల మందు లేదు.

మీకు సెలవున్న రోజు పిల్లల కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చుక్కలు వేసి అసలు పవర్, కంటి పొడవు, టోపోగ్రఫీ, ప్రెషర్, పై రెప్ప లోపలి భాగం, రెటీనా చూడమని అడగండి. పాత పవర్ చీటీలన్నీ, ఆ మెడికల్ షాపు సీసానూ తీసుకెళ్లండి. కంటి పొడవు ఆరు నెలలకోసారి కొలిపించి ఒకే పుస్తకంలో రాసుకోండి. ఏడాదిపాటు ప్రత్యేక అద్దాలతో చూసినా పొడవు జోరుగా పెరుగుతుంటే, అప్పటికి దురద అదుపులో ఉంటే, పొద్దున మనిషి కుదిరితే, ఆర్థో-కె గురించి మళ్లీ రాయండి. మీవారినీ వెంట తీసుకెళ్తే ఆయన రెటీనా పరీక్ష కూడా అదే రోజు అయిపోతుంది. ఇద్దరికీ చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, కాబట్టి బండి ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్లండి.